ఆటలమ్మ రెండోసారి రాదు

అప్పన్న ఆ మైనపు దిమ్మను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఇన్నేళ్లకు మైనం పసుపుపచ్చబడి అంచుల్లో పొడి రాలుతోంది. నడుమ కందిగింజంత గోధుమరంగు మచ్చ. దిమ్మ పక్కన నల్లసిరాతో వేసిన నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రాత అప్పన్నదే.

"అనసూయమ్మగారు," అన్నాడు, గదిలోకి ఎవరో పెద్దమనిషి వస్తే లేచి నిలబడ్డట్టు.

బల్లకు అవతల ఉన్న హైమవతి కూడా ముందుకు వంగి చూసింది. ఆ కందిగింజంత మచ్చ ఆమె తల్లి. మెడపక్క నుంచి తీసిన లింఫు గ్రంథి ముక్క అనడం సరైన మాట. కానీ అనసూయ అనే మనిషికి ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే. అస్థికలు నాగావళిలో కలిసి ముప్పై తొమ్మిదేళ్లయింది. ఉన్న రెండు పట్టుచీరలూ మేనత్త పైడమ్మ కూతుళ్ల పెళ్లిళ్లలో చెల్లిపోయాయి.

హైమవతి పాథాలజీ డాక్టరు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లుగా లింఫోమా మీద పనిచేస్తోంది. ఒంట్లో కాపలా తిరగాల్సిన తెల్లకణాలే దారితప్పి గడ్డలు కట్టే క్యాన్సరు అది. రక్తంలో దాని జాడ పట్టిచ్చే గుర్తుల కోసం వెతికి వెతికి ఆరు పట్టుకుంది. ఆరూ చేతికందినట్టే అంది జారిపోయాయి. ఏడోది నిలిచింది. గడ్డ ఉన్న ప్రతివాళ్ల రక్తంలోనూ ఏడో గుర్తు కనిపించింది. తేలనిది ఒక్కటే. గడ్డ పైకి కనపడటానికి ఎన్నాళ్ల ముందు ఆ గుర్తు పుడుతుంది? నెల ముందైతే పరీక్ష ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఏళ్ల ముందైతే గడ్డ కట్టకుండానే ఆపవచ్చు.

అది తేల్చడానికే ఆమె వయసు రంగు తయారుచేసింది.

మనం మరిచిపోయిన జబ్బుల్ని లింఫు గ్రంథి మరిచిపోదు. నాలుగేళ్లప్పుడు వచ్చిన తట్టును చూసిన కణం ఆ సంగతి చివరిదాకా మోస్తూనే ఉంటుంది. వయసు రంగులో ముంచితే, ఎంత పాత జ్ఞాపకమో దాన్నిబట్టి ఒక్కో కణం ఒక్కో ఛాయకు తిరుగుతుంది. యంత్రం వాటిని తెరమీద పేర్చి చూపిస్తుంది. తాటిమాను మీద మట్ట రాలిన చోటల్లా వలయం మిగిలినట్టు, ఏడాదికొక వలయం. పెద్ద జబ్బు చేసిన ఏటి వలయం లావుగా ఉంటుంది. ఏడో గుర్తున్న కణాలు పచ్చగా మెరుస్తాయి. ఆ పచ్చదనం ఏ వలయంలో మొదలైతే జబ్బు ఆ ఏడు మొదలైనట్టు.

దీనికి రెండు చిక్కులు. రంగు పడిన ముక్క గంటసేపు వెలిగి నుసి అయిపోతుంది. మళ్లీ చూద్దామంటే ఉండదు. ఇక, ఏ వలయం ఏ సంవత్సరమో కణానికి తెలియదు. ఫలానా నెలలో ఫలానా జ్వరం అని ఏటేటా రాసిపెట్టుకున్న మనిషి దొరికితేనే వలయాలకు సంవత్సరాలు తగిలించగలం. ఒక్క మనిషికి తగిలిస్తే చాలు, ఆ కొలతతో మిగతా అందరివీ చదువుకోవచ్చు. కానీ జ్వరాలు రాసిపెట్టుకునే మనిషి ఎక్కడుంటుంది?

ఉంది. ఆమె దిమ్మ నంబరు హైమవతికి కంఠతా వచ్చు.

"కోసీమంటారా డాక్టరమ్మా?"

"కొయ్యి అప్పన్నా. అంతా అయిపోకుండా చూడు. మా చెల్లి ఇందు మరీమరీ చెప్పింది."

అప్పన్న ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియనుగా రిటైరై నాలుగేళ్లయింది. ఇంత పెళుసెక్కిన పాత దిమ్మను ముక్కలు కాకుండా కొయ్యగల చెయ్యి మరొకటి లేదని హైమవతి కబురుపెట్టి రప్పించింది. అతను దిమ్మను కాసేపు మంచుముక్క మీద చల్లబరిచాడు. మైక్రోటోమ్ అనే కోత యంత్రం చక్రం తిప్పితే దిమ్మ కత్తి ముందుకు వచ్చి వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొర లేస్తుంది. పొరకు పొర అంటుకుని రిబ్బనులా సాగుతుంది. దాన్ని కుంచెతో ఎత్తి, పక్కనే ఉన్న గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో తేలేస్తే ముడతలు విచ్చుకుంటాయి. అప్పుడు అడుగునుంచి గాజుపలకతో తీసుకోవాలి. అప్పన్న ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాడు.

*

అనసూయకు క్యాలెండరే డైరీ. శ్రీకాకుళంలో వాళ్ల వంటింటి తలుపు వెనక మేకుకు క్యాలెండరు, దాని పక్కన దారానికి కట్టిన పెన్సిలు ఉండేవి. గ్యాసుబండ మార్చిన రోజు, ఆవకాయ కలిపిన రోజు, పాలు విరిగిన రోజు, ఇంట్లో ఎవరి ఒళ్లు వెచ్చబడ్డా ఆ రోజు, ఆ తేదీ గడిలో పట్టినంత రాసేది. ఏడాది తిరిగేసరికి అందరిళ్లలో ఆ కాగితాలు పిల్లల పుస్తకాలకు అట్టలయ్యేవి. అనసూయ మాత్రం చుట్టచుట్టి బీరువా మీద పెట్టేది. ఎందుకే అని పైడమ్మత్త అడిగితే, పోయినేడు బండ ఎన్నాళ్లొచ్చిందో చూసుకోవద్దా వదినా అనేది. పెళ్లయిన ఏటి నుంచి తను చనిపోయిన ఏటి దాకా మొత్తం పదిహేను క్యాలెండర్లు.

అవి ఇప్పుడు చెల్లెలు ఇందుమతి దగ్గరున్నాయి. చినవాల్తేరులో రెండు గదుల ఇంట్లో ఉంటూ ఇందు చిన్నపిల్లల గౌన్లు కుడుతుంది. పెళ్లి చేసుకోలేదు. ఆమెకు తల్లి ముఖం ఫొటోలో తెలుసు, చేతిరాత క్యాలెండర్లలో తెలుసు. మిగతాదేదీ తెలియదు. ఇందు పుట్టిన పది నెలలకు అనసూయ మెడలో గడ్డ కనిపించింది. ఇందుకు రెండేళ్లు నిండకుండానే ఆమె పోయింది. హైమకు అప్పుడు పదమూడేళ్లు.

పిల్లల్ని సాకడానికి వచ్చిన మేనత్త పైడమ్మ చెడ్డది కాదు. ఇద్దరికీ ఒకేలా వడ్డించింది, ఒకేలా తిట్టింది. కానీ ఇందుకు తల దువ్వినప్పుడల్లా చిక్కు విప్పుతూ విప్పుతూ ఒక నిట్టూర్పు విడిచి, "పుడుతూనే తల్లిని మింగేసింది, పిచ్చిముండ," అనేది. జాలిగానే అనేది. ఇరుగమ్మలూ పొరుగమ్మలూ జాలిగానే తలలూపేవాళ్లు. ఆ ఇంట్లో ఇందు పుట్టినరోజు ఎన్నడూ చెయ్యలేదు. చెయ్యొద్దని ఎవరూ అనలేదు, అంతే.

పెద్దయ్యాక ఇందుకు ఒక అలవాటు వచ్చింది. తన స్టీలు గ్లాసు, తన కంచం విడిగా పెట్టుకుంటుంది. ఎవరి ఎంగిలీ ముట్టదు, తన ఎంగిలి ఎవర్నీ ముట్టనివ్వదు. హైమ కూతురు చిన్నప్పుడు పిన్ని కంచంలో చెయ్యిపెట్టబోతే, కంచం తీసుకుని లేచిపోయింది. శుభ్రం పిచ్చి అనుకునేవారు అందరూ. హైమ అలా అనుకోలేదు. తన దగ్గర ఏదో అంటుకునే దోషం ఉందని చెల్లెలు నమ్ముతోందని ఆమెకు తెలుసు.

అందుకే, ప్రయోగం సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు హైమ పైకి కొలతల గురించే మాట్లాడింది. లోపల మాత్రం, ఆ పచ్చదనం ఇందు పుట్టకముందే మొదలైందని తేలితే బాగుండునన్న ఆశ ఉంది. శాస్త్రం చదివిన మనిషికి అలాంటి ఆశ ఉండకూడదు. ఉంది.

ఇందు క్యాలెండర్లన్నీ తీసి, పాత చీర ముక్కతో దుమ్ము తుడిచి ఇచ్చింది. చివర్న ఒకటే అడిగింది. "ఆ ముక్కలో కాస్తయినా ఉంచక్కా. వాళ్ల అమ్మ ఎక్కడుందని ఎవరినడిగినా ఏదో చోటు చెప్తారు. నాకు అదొక్కటే చోటు."

హైమ మాటిచ్చింది.

*

మొదటిసారి చూసింది మర్నాడు ఉదయం. తెరమీద తల్లి జీవితం వలయాలు వలయాలుగా విచ్చుకుంటుంటే హైమకు కాసేపు తను డాక్టరన్న సంగతి గుర్తులేదు. తొమ్మిదో వలయం లావుగా, ముదురు ఎరుపులో వచ్చింది. పక్కన యంత్రం జబ్బు పేరు చూపించింది: ఆటలమ్మ. అవును. తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు ఆటలమ్మ పోసింది. వేపమండలతో విసురుతుంటే కూడా గోక్కుందట. ఎడమ కనుబొమ్మ పైన చిన్న గుంట ఉండేది. పక్కన పడుకున్నప్పుడు హైమ ఆ గుంటలో చూపుడువేలు పెట్టి నిద్రపోయేది. వేలు ఇప్పటికీ ఆ లోతు మరిచిపోలేదు.

పదహారో వలయం టైఫాయిడ్. ఆ తరువాతివి క్యాలెండర్ల కాలంలోవి. హైమ మొదటి రెండు మూడింటిని సరిచూసుకుని, మిగతావి గబగబా దాటిపోయింది. చివరికి పచ్చదనం దగ్గరికొచ్చింది.

ముప్పై రెండో వలయం. ఇందు పుట్టిన ఏడు.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. పైడమ్మత్త నిట్టూర్పు చెవిలో వినిపించినట్టయింది. ఇన్నేళ్లు కష్టపడి ఆవిడ మాటకు యంత్రంతో ముద్ర వేయించినట్టయింది. కానుపు తరువాత కొందరిలో ఒంటి కాపలా సడలుతుంది, అప్పుడు ఇలాంటివి తలెత్తవచ్చు. పుస్తకాల్లో లేని సంగతేం కాదు. గడ్డకు ఏడాది ముందు మాత్రమే గుర్తు పుట్టింది. పరీక్షకు ఏడాది గడువే ఉంటుందని రాసెయ్యడమే మిగిలింది. ఆ కాగితం మీద ఆధారపడి వచ్చే నెల నుంచి మూడు జిల్లాల్లో రక్తపరీక్షలు మొదలవుతాయి.

ఇందుకు ఫోన్ చెయ్యలేదు. రెండు రోజులు ఫోన్ తియ్యనూ లేదు.

మూడో రోజు పొద్దున్న ఇంట్లో ఇడ్లీపిండి గరిటెతో కలుపుతూ ఉండగా ఆమెకు ఒక్కసారి తట్టింది. పచ్చదనం చూసిన కంగారులో దాని పక్క వలయాన్ని ఆమె సరిగ్గా చూడలేదు. ముప్పై ఒకటో వలయం లావుగా ఉంది. దాని పక్కన కూడా యంత్రం ఆటలమ్మ అనే రాసింది. ఆ ఏటి క్యాలెండరులో జ్వరం మాటే లేదు. మామిడికాయలు కోసిన రోజు రాసిన మనిషి, తనకు ఒళ్లంతా పొక్కులు పోస్తే రాయకుండా ఉంటుందా? పైగా, ఒకసారి పోసిన మనిషికి ఆటలమ్మ రెండోసారి రాదు. అది చెప్పడానికి డాక్టరు కానక్కర్లేదు.

అంటే ఆ వలయం అమ్మది కాదు. తెరమీద ఇంకొకరెవరో ఉన్నారు.

*

అప్పన్నను అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ముప్పై ఏడేళ్ల సర్వీసులో అతని మీద ఒక్క మాట పడలేదు. ఒక దిమ్మ కోశాక నీళ్ల పళ్లెంలో ఎక్కడైనా పిసరంత పొర మిగిలి, తరువాతి రోగి ముక్కకు అంటుకుంటే, లేని జబ్బు ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ అవుతుంది. తేలుడు ముక్క అంటారు దాన్ని. ఆ పనిచేసేవాళ్లకు దయ్యం కంటే ఎక్కువ భయం. దిమ్మకూ దిమ్మకూ మధ్య నీళ్లమీద కాగితం ముక్క ఈడ్చి ఆ పిసరుల్ని తీసెయ్యాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆ పని నేర్పిందే అప్పన్న. నేర్పుతూ వాళ్ల వేళ్లమీద స్కేలుతో ఒకటి వేసేవాడు కూడా.

ఆమె అడిగీ అడగనట్టు అడిగింది. ఆ రోజు తల్లి దిమ్మకు ముందు ఏం కోశావని. సరిచూసుకోవడానికి ప్రతిసారీ పెట్టే టాన్సిల్ ముక్క అన్నాడు, తొమ్మిదేళ్ల పిల్లది. ముక్క తీసేనాటికి రెండేళ్ల కిందటే ఆ పిల్లకు ఆటలమ్మ పోసినట్టు ఫైలులో ఉంది. అంత కొత్త జ్ఞాపకం చివరి వలయాల దగ్గరే చేరుతుంది.

అప్పన్న కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"టాన్సిల్ కన్నా ముందు అమ్మగారి దిమ్మ పైపొర సదును చేసినానమ్మా," అన్నాడు మెల్లగా. "పనికిరాని పొరలు నాలుగు లేచినాయి. నీళ్లలో ఏసి చూసినాను, అన్నీ చితికిపోయినాయి. మామూలుగా అయితే కాగితం పెట్టి తుడిచీసి చెత్తలో ఎయ్యాల. మనసొప్పనేదు. ఆ పిసర్లు కూడా ఆ తల్లివే గదా. ఎలా పారేస్తాను? అలగే ఉంచీసి టాన్సిల్ కోసినాను. అవి ఉన్నాయని టాన్సిల్ అయినాక కూడా కాగితం పెట్టనేదు."

హైమకు కోపం రావాలి. రాలేదు.

"ఎందుకప్పన్నా అంత?"

అతను చెప్పింది ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం రిపోర్టు కోసం కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. చంకలో పసిపిల్ల. అందరూ కాగితం తీసుకుని పోతారు. ఆమె మాత్రం, నాలోంచి తీసిన ముక్క ఏదో ఒకసారి చూపిస్తావా నాయనా అని అడిగింది. అలా అడిగిన రోగి అంతకుముందు లేరు, తరువాతా లేరు. అప్పన్న ఈ దిమ్మే తెచ్చి చూపించాడు. ఆమె వంగి చూసి, ఇంతేనా, ఇంత చిన్నదానికా మా ఇంట్లో అంత గోల, అని నవ్వింది. పిల్ల చెయ్యిచాచి దిమ్మ అందుకోబోతే ఆ చెయ్యి వెనక్కి తీసి, జాగ్రత్తగా పెట్టు నాయనా అని వెళ్లిపోయింది. పాత దిమ్మలు బయట పారెయ్యమని ఆర్డరు వచ్చిన రెండుసార్లూ అప్పన్న ఇది తీసి తన బీరువాలో దాచాడు.

"జాగ్రత్తగా పెట్టమన్నాది. పెట్టినాను. ఆఖరికి ఆ జాగ్రత్తే మీ కొంప ముంచింది."

దిమ్మలో ఇంకెంత ఉందని అడిగింది హైమ. అప్పన్న వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక్క రిబ్బనుకు సరిపోతుందన్నాడు. ఆ తరువాత ఉత్త మైనమే.

*

ఇందు మిషను మీద లేత పసుపు గౌనుకు లేసు కుడుతోంది. అక్క చెప్పడం మొదలుపెట్టినా మిషను ఆపలేదు. ముప్పై రెండో వలయం దగ్గరికొచ్చేసరికి ఆగింది. కుట్టు వంకర పోయింది. దాన్ని విప్పడం మొదలుపెట్టింది.

"అది తప్పు ఇందూ. అందులో వేరే పిల్ల ముక్క కలిసింది. దాని వలయాలు అమ్మ వలయాల మధ్య దూరి లెక్కంతా చివరికి నెట్టేశాయి."

"తప్పని నీకు తెలుసా, తప్పయితే బాగుండునని ఉందా?"

హైమ ఈ ప్రశ్న తనను తాను అడుక్కుని ఉండటం వల్ల వెంటనే జవాబు చెప్పగలిగింది. "రెండూ."

"మళ్లీ చూస్తే కూడా అదే వస్తే?"

"రావచ్చు."

"అప్పుడు అమ్మా ఉండదు, ఈ అనుమానం కూడా ఉండదు. ఇన్నాళ్లూ కనీసం అనుమానం ఉండేది." ఇందు విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంది. "చూడకపోతే ఏమవుతుంది?"

హైమ ఉన్నదున్నట్టు చెప్పింది. గడువు తప్పుగా రాస్తే, ఈ పరీక్ష ఎవరికి ఎప్పుడు చెయ్యాలో కూడా తప్పుగా పోతుంది. ఎన్నో ఏళ్ల ముందు పట్టుకోవలసిన మనిషిని చివరి ఏడాదిలో పట్టుకుంటారు. ఆ మనిషి చంకలో కూడా ఒక పిల్ల ఉండవచ్చు.

ఇందు వేలికి చుట్టిన దారం విప్పేసింది. లేచి వెళ్లి తన గ్లాసులో మంచినీళ్లు తాగి, కడిగి బోర్లించి వచ్చింది.

"నేనూ వస్తాను. నా ఎదురుగా కొయ్యండి."

*

పరిశోధనశాలలో ఇందుకు తెల్లకోటు ఇచ్చారు. చేతులు మడిచి కూర్చోమంటే కూర్చుంది. అప్పన్న పళ్లెం కడిగి కొత్తనీళ్లు పోశాడు. కాగితంతో ఒకసారి కాదు, మూడుసార్లు తుడిచాడు. ఈసారి సరిచూసే ముక్కను వేరే గదిలో, వేరే పళ్లెంలో కోయించారు. కత్తికి కొత్త బ్లేడు వేశాడు. చక్రం తిప్పాడు. ఆరు పొరలు ఒకదానికొకటి అంటుకుని, వానపాము పిల్లలా వంకరగా, కత్తి అంచున నిలబడ్డాయి. ఏడోది లేవలేదు. అయిపోయింది.

కుంచెతో ఎత్తి నీళ్లమీదికి చేర్చాలి. అప్పన్న కుంచె పట్టుకున్నాడు. రిబ్బను అంచు రెండుగా కనిపించింది. ఒక కంట్లో శుక్లం ముదురుతోందని అతను ఎవరికీ చెప్పలేదు. కుంచె కింద పెట్టేశాడు.

"నావల్ల కాదమ్మా," అని హైమ వైపు చూశాడు. హైమ ఆ పని ఎన్నడూ తన చేత్తో చెయ్యలేదు.

ఇందు లేచింది. సాలెగూడంత పల్చటి బట్టలకు సూది దింపే చెయ్యి అది. "ఎలా పట్టుకోవాలో చెప్పండి బాబాయ్," అంది.

అప్పన్న చెప్పాడు. కుంచె తడి చేసి అడుగు అంచును తాకాలి, లాగకూడదు, అదే వస్తుంది. నీళ్లమీద ఒక కొస ముందు వాలాలి. తక్కినదాన్ని వదిలెయ్యాలి, నీళ్లే పరుచుకుంటాయి. ఇందు అలాగే చేసింది. రిబ్బను నీళ్లను తాకి, ఒక్క క్షణం ముడుచుకుని, నెమ్మదిగా విచ్చుకుంది. మైనం పారదర్శకంగా మారి నడుమ కందిగింజంత లేత నీడలు ఆరు తేలాయి.

"ఇదేనా?" అంది ఇందు.

"ఇదేనమ్మా. అప్పుడు కూడా నువ్వు చెయ్యి చాపినావు. అమ్మ అందుకోనివ్వనేదు," అన్నాడు అప్పన్న.

గాజుపలకను నీళ్లలోకి ఏటవాలుగా దించి ఇందు ఆ రిబ్బనును పైకి తీసింది. ఒక్క ముడత లేదు. పలక మీద నీటిబొట్టు జారిపోయేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

*

ఈసారి ఆటలమ్మ ఒక్కసారే వచ్చింది, తొమ్మిదో ఏట. ఇరవై ఆరోదాని దాకా వలయాలన్నీ క్యాలెండర్లతో తలుపుకు గడియలా సరిపోయాయి. పచ్చదనం ఇరవై ఏడో వలయంలో మొదలైంది. ఇందు పుట్టడానికి ఐదేళ్ల ముందు. గడ్డ కనిపించడానికి ఆరేళ్ల ముందు. పరీక్షకు ఆరేళ్ల గడువుంది. ఇరవై రెండేళ్లుగా హైమ ఎదురుచూసిన అంకె అది.

ఇరవై ఏడో వలయం లావుగా ఉంది. పక్కన యంత్రం చూపించిన జబ్బు పేరు చదివి ఆమె ఆ క్యాలెండరు తెరవకుండానే లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా సముద్రం, ఎండకు కళ్లు నొప్పిపుట్టేలా మెరుస్తోంది. ఆ సంవత్సరం ఆమెకు ఆరేళ్లు.

గంటలో తెరమీద వెలుగు మసకబారి, పలక మీద బూడిదరంగు నుసి మిగిలింది. హైమ బల్ల ముందు కూర్చుని, రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లకు ఇవ్వబోయే కాగితం నమూనా తీసింది. అందులో ఆమె స్వయంగా పెట్టించిన గడి ఒకటుంది: జబ్బు మొదలైన సంవత్సరం. ఆ గడి గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంది కూడా. ఇప్పుడు దానిమీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. సంవత్సరం డాక్టర్ల దగ్గర ఉంటే చాలు. అది కాగితం మీద ఇళ్లకు వెళ్తే, ప్రతి ఇంట్లోనూ ఆ ఏడు ఎవరు పుట్టారో, ఎవరికి జ్వరం వచ్చిందో వెతుకుతారు. ఏ ఇంటికైనా ఒక పైడమ్మత్త ఉంటుంది.

మధ్యాహ్నం చినవాల్తేరు వెళ్లింది. ఇందు మజ్జిగ కలిపి ఒక గ్లాసు అక్క చేతికిచ్చి, తన గ్లాసు తను తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పుట్టడానికి ఐదేళ్ల ముందే మొదలైంది," అంది హైమ. "నీకూ దానికీ సంబంధం లేదు. ఏనాడూ లేదు."

ఇందు ఏడవలేదు, నవ్వలేదు. మెడ వెనక ఏదో బరువు దించుకుంటున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. కాసేపటికి, ఐదేళ్ల ముందంటే ఏ సంవత్సరమని అడిగింది. హైమ చెప్పకూడదనే అనుకుని వచ్చింది. కానీ క్యాలెండర్లు మళ్లీ ఈ ఇంటికే వచ్చాయి. ఇందుకు అవి పాఠంలా వచ్చు. చెల్లెలు లేచి సరిగ్గా ఆ చుట్టే తీసి, మే నెల పేజీ నేలమీద పరిచి, రెండు మూలల మీదా కత్తెర, దారపు ఉండ పెట్టింది. పెన్సిలు గీతలు వెలిసినా చదవగలిగేలాగే ఉన్నాయి. ఇందు వేలు పెట్టి చదివింది.

"హైమకి జ్వరం. గొంతు పక్కల గడ్డలు. ఏమీ మింగడం లేదు." వేలు కింది వరసకు దిగింది. "ఈవేళ దానిమ్మరసం తాగింది, సగం." ఆ కింద ఇంకో వారానికి, "హైమ ఆడుకుంటోంది. నాకు జ్వరం."

ఇందు తలెత్తింది.

హైమకు ఆ మిగతా సగం గుర్తుంది. వద్దని మొహం తిప్పుకుంటే, అమ్మ గ్లాసు తీసుకుని, పారబోస్తే పాపం అంటూ తను తాగేసింది. తాగి, ఎర్రబడిన పెదవులతో నవ్వి, తన చెంప హైమ చెంపకు ఆనించి వేడి ఎంతుందో చూసింది. థర్మామీటరు ఉన్నా అమ్మ ముందు చెంపతోనే చూసేది. హైమ చెప్పడం మొదలుపెట్టింది. ఆ జ్వరం తెచ్చేది ఎంగిలితో పాకే వైరస్ అనీ, నూటికి తొంభైమందికి వచ్చి పోతుందనీ, వచ్చినట్టు కూడా తెలియదనీ, ఏ లక్షమందిలోనో ఒకరికి ఒక కణం దారితప్పుతుందనీ, అది ఎవరి తప్పూ కాదనీ, రోగుల ఇళ్లవాళ్లకు తను వందసార్లు చెప్పిన మాటలే.  చేతిలో మజ్జిగ గ్లాసు సగంలో ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా గుటక దిగలేదు. గ్లాసు నేలమీద పెట్టేసింది.

ఇందు క్యాలెండరును చుట్టచుట్టి దారం కట్టింది. కట్టి, ముందుకు వంగి, అక్క గ్లాసు అందుకుంది. గ్లాసుకు అక్క పెదవులు ఆనిన చోట మజ్జిగ తరక అంటుకుని ఉంది. గ్లాసు తిప్పుకోలేదు. అక్కడే పెదవులు ఆనించి, మిగిలిన సగం గుటక గుటకగా అడుగు కనిపించేదాకా తాగింది.

"ఉప్పు తక్కువేశాను కదక్కా," అంది మూతి తుడుచుకుంటూ. "చెప్పొచ్చుగా."